వెంట వచ్చిన మనిషి

“ఇంకొంచెం పెద్దగా తెరవండి అంకుల్” అని దీప డాక్టరు అనగానే నాగేందర్‌కు ముందు చిరాకే కలిగింది, నలభై రెండేళ్ళకే అంకుల్ ఏమిటని. కానీ ఆ చిరాకు చూపించే దారి లేదు, మొహంలో సగం తన మాట వినడం మానేసి అప్పటికే పావుగంటయింది, ఎడమ దవడ, కింది పెదవి, నాలుకలో ఓ పక్క, అన్నీ ఎవరివో తెచ్చి తగిలించినట్టు బరువుగా ఉన్నాయి. పైగా పన్ను చుట్టూ పచ్చటి రబ్బరు గుడ్డ బిగించి, పెదవి మూలన ఉమ్మి లాగే గొట్టం తగిలించి, ఇక గంటసేపు మాట్లాడకూడదు, నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తితే చాలు అని ఆ పిల్ల ముందే చెప్పేసింది. గంటసేపు. నాచారం మెయిన్ రోడ్డు మీద, స్టీలు సామాన్ల దుకాణం పైన, చల్లటి గదిలో వెల్లకిలా పడుకుని, గంటసేపు ఎవరికీ ఏ జవాబూ చెప్పనక్కర్లేని అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి. నాగేందర్‌కు మాత్రం అది అదృష్టంలా లేదు. ఈ గంట కాగానే లేచి, ఆ తలుపు తీసుకుని పోయి, బయట ప్లాస్టిక్ కుర్చీలో తన హెల్మెట్టూ తన ఫోనూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అక్కకు ఒక మాట చెప్పాలి. పదహారేళ్ళుగా చెప్పని మాట. పోయిన గురువారం నుంచి రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ ఇవాళ చెప్తా అనుకుని, మొహం తుడుచుకునేసరికి రేపు చెప్దాంలే అనుకుంటూ వస్తున్న మాట.

అక్క పేరు తారామణి. తల్లి పోయినప్పుడు అక్కకు ఇరవై ఒకటి, నాగేందర్‌కు పన్నెండు. అప్పటికే ఘట్‌కేసర్ దిక్కు చేసిన కాపురం చెడి ఆమె ఉప్పల్‌కు తిరిగి వచ్చేసింది, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో ముందు మా తమ్మి చదువు కానీయండి అంది, ఆ చదువు ఐటీఐ దాకా ఈడ్చుకుంటూ పోయేసరికి అడిగేవాళ్ళు అడగడం మానేశారు. తండ్రి గోపయ్య వరి వేసిన మడి మీద ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది, ఆయన లేడు. నాగేందర్‌కు అన్నం పెట్టింది అక్కే, పరీక్ష ఫీజు కట్టే రోజు గుర్తుపెట్టుకుంది అక్కే, పద్మశ్రీని చూసి ఈ పిల్ల బాగుంది చేసుకో అని చెప్పింది అక్కే. ఇవాళ కూడా ఒక్కనివే పోతవా, సూది ఇస్తే కండ్లు తిరిగితే బండి ఎట్ల నడుపుతవ్ అని చెప్పులేసుకుని బయల్దేరింది. ఆమెకు బండి నడపడం రాదు. తమ్ముడికి కళ్ళు తిరిగితే ఇద్దరూ కలిసి పడటం తప్ప ఇంకో లాభం లేదు. అయినా వచ్చింది, వెనక సీటు మీద ఓ పక్కకు కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి.

పోయిన గురువారం కూడా అట్లాగే వచ్చింది. చిక్కంతా అప్పుడే పడింది. మూడు రోజులు లవంగం అదిమి, నాలుగో రోజు మందుల షాపువాడిచ్చిన గోలీ మింగి, ఐదో రోజు దవడ బూరెలా ఉబ్బాక ఇక ఓర్చుకోలేక వచ్చిన నాగేందర్ ఈ కుర్చీలో కూర్చోగానే అన్న మొదటి మాట, పీకెయ్యండి మేడమ్, పీడ వదులుతది. అతని సంగతి ఎప్పుడూ అంతే, ఫ్యాక్టరీలో బేరింగు కీచుమంటే మార్చెయ్ అంటాడు కానీ గ్రీజు పెట్టి చూద్దామనడు. దీప డాక్టరు వినలేదు. ఎక్స్‌రే తీసి తెర మీద పెట్టి, అక్కనూ తమ్ముణ్ణీ ఇద్దర్నీ దగ్గరికి పిలిచి చూపించింది. పైన పుచ్చు, లోపల నరం పాడైంది, వేరు కొసలో చీము పట్టింది, అయినా పన్ను గట్టిదే, పాడైన నరం తీసి, వేళ్ళలో దారులు శుభ్రం చేసి, నింపి, పైన క్యాపు వేస్తే చాలా ఏళ్ళు నమలొచ్చు అంది. పీకడం ఎంతసేపు, పీకిందాన్ని మళ్ళీ పాతడమే ఎవరి వల్లా కాదు అని కూడా అంది. అప్పుడు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

“ముందటి పన్నుకు గూడ గిట్ల చేస్తరా అమ్మా?”

“ముందటి పన్నుకైతే ఇంకా అల్కగ అయితది ఆంటీ. దానికి ఒకటే వేరు ఉంటది.”

అక్క కాసేపు ఆ తెర వైపే చూసి, ఇది కొత్తగా వచ్చిందేమో కదా బిడ్డా, పదహారేళ్ళ కింద ఇట్లాంటిది లేకుండె కదా అంది. ఎందుకు లేదు ఆంటీ, నేను పుట్టకముందు నుంచే ఉంది అని దీప నవ్వి, చేతి తొడుగులు మార్చుకోవడానికి అటు తిరిగింది. ఆ పిల్లకేం తెలుసు. అక్క నాగేందర్ వైపు చూడలేదు. చూసినా బాగుండేది, చూస్తే అప్పుడే ఏదో ఒకటి బయటపడేది. చూడకుండా లేచి, కొంగు సర్దుకుని, బయటికి పోయి కూర్చుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నాగేందర్ ఆ రోజు ఇంటికి పోయేదాకా బండి మీద ఏదేదో వాగుతూనే ఉన్నాడు, నొప్పి గురించి, ఎండ గురించి, రోడ్డు మధ్య ఫ్లైఓవరు దిమ్మెల గురించి. అక్క వెనకనుంచి ఊఁ అంది. ఊఁ తప్ప ఇంకేమీ అనలేదు, ఆ రోజూ అనలేదు, మర్నాడూ అనలేదు, వారమంతా అన్నం పెట్టింది, టీ ఇచ్చింది, మామూలుగానే ఉంది. ఆమెకు అనుమానం వచ్చిందో లేదో తెలియకపోవడం పంటినొప్పి కంటే పెద్ద నొప్పి అయిపోయింది.

పన్ను తొలిచే మర చప్పుడు ఆగింది, ఇప్పుడు చేత్తో పని. నాగేందర్ ప్లాస్టిక్ డబ్బాలు పోసే ఫ్యాక్టరీలో ఫిట్టరు, చప్పుడు వింటే చాలు పనివాడి చెయ్యి ఎట్లాంటిదో చెప్పేస్తాడు. ఈ పిల్లది మంచి చెయ్యి. సన్నటి ఫైలును తొందరపెట్టడం లేదు, పావు తిప్పు తిప్పి వెనక్కి లాగుతోంది, మందునీళ్ళతో కడుగుతోంది, మళ్ళీ ఇంకో ఫైలు, ముందుదానికంటే ఇసుమంత లావుది. పక్కన చిన్న పెట్టె ఒకటి బీప్ బీప్ మంటూ వేరు కొస ఎంత దూరమో చెబుతోంది, అంకెలు వినబడుతున్నాయి, ఇరవై, ఇరవైన్నర. కిటికీ అవతల మౌలాలి వైపు రైలు పోతున్న చప్పుడు. ఒక వేరు అయింది అంకుల్, ఇంకా రెండున్నాయి అంది దీప. గోరంత పన్ను కోసం ఇంత ఓపికా అనుకున్నాడు, మెచ్చుకోలుగానే, ఆ వెంటనే అక్కకు ఒకటే వేరు కదా అన్న మాట తన్నుకుంటూ వచ్చింది. ఒకటే వేరు. ఎంతసేపు పట్టేది. గంట, పోనీ గంటన్నర, ఇంకో రెండుసార్లు రావడం. అంతే కదా, అంతకంటే ఏముంది, పెద్ద యుద్ధమా.

ఆ పన్నుకు దెబ్బ తగిలింది చాలా ముందే, బస్తీలో బోరింగు దగ్గర. అక్క నీళ్ళు కొడుతుంటే చెయ్యి జారి బోరింగు పిడి ఎగిరి మూతికి తగిలింది. రక్తం ఉమ్మేసి, పెదవికి పసుపు అద్దుకుని, బిందె నిండాకే ఇంటికొచ్చింది. పన్ను కదల్లేదు, ఊడలేదు, ఏళ్ళు గడిచేకొద్దీ రంగు మాత్రం టీ రంగులోకి తిరిగింది. పదహారేళ్ళ కింద, ఎండాకాలం, ఒక శనివారం, పై పెదవి ముక్కు దాకా ఉబ్బి కూర్చుంది. నాగేందరే తీసుకుపోయాడు, రింగురోడ్డు దగ్గర మూడో అంతస్తులో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి. ఇప్పుడాయన బతికి లేడు, అక్కడ కళ్ళద్దాల దుకాణం ఉంది. ఆ డాక్టరు పెద్దాయన, చెడ్డవాడేం కాదు, ఆయనకో అలవాటు ఉండేది అంతే, రోగి ఆడమనిషైతే మాట్లాడేది వెంట వచ్చిన మగమనిషితో. ఆ అలవాటు ఆయనొక్కడిదేనా, రేషన్ దుకాణంలో, బ్యాంకులో, పిల్లల బడిలో ఎక్కడ లేదు. అక్కను కుర్చీలో నోరు తెరిపించి అట్లాగే ఉంచి, ఈమె వెంట ఎవరొచ్చారు అని అడిగి, నాగేందర్‌ను బయటి బల్ల దగ్గరికి పిలిచాడు. ముప్ఫై ఐదేళ్ళ మనిషి, అంగన్‌వాడీ టీచరు, బస్తీలో సగం మంది పిల్లలకు అంకెలు నేర్పిన మనిషి లోపల ఉంది. ఆమె నోట్లో పన్ను సంగతి మాట్లాడింది ఇరవై ఆరేళ్ళ తమ్ముడితో. రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుంది బాబూ, ఇవాళ గంట పైన పడుతుంది, మళ్ళీ రెండుసార్లు రావాలి. తీసేస్తే పది నిమిషాలు. ఏం చేద్దామంటావ్?

నాగేందర్ గోడ గడియారం చూశాడు. రెండుంబావు. నాలుగింటికి స్టేడియంలో మ్యాచ్. ఫోర్‌మన్ దుర్గేష్ దగ్గర రెండు పాసులున్నాయి, ఎవరో పెద్దమనుషులు రాలేక వదిలేస్తే చేతులు మారి ఫ్యాక్టరీ దాకా వచ్చిన పాసులు, మూడింటికి గేటు దగ్గర లేకపోతే ఇంకొకణ్ణి తీసుకుపోతానని దుర్గేష్ పొద్దున్నే చెప్పాడు. స్టేడియం గోడకు కూతవేటు దూరంలో ఉంటూ, లోపలి అరుపులు వినడమే తప్ప ఒక్క మ్యాచ్ కూడా కళ్ళారా చూడని మనిషి నాగేందర్. ఇది చెప్పుకుంటే ఎవరైనా అయ్యో అంటారు కూడా, ఆ అయ్యో కోసమే ఈ వారమంతా మనసులో దీన్ని ఇన్నిసార్లు చెప్పుకున్నాడు. తీసెయ్యండి సార్ అన్నాడు. ఆలోచించలేదు అనడానికి లేదు, ఆలోచించాడు, గేటు దాకా నడిస్తే ఎంత, ఆటో అయితే ఎంత అని ఆలోచించాడు. డాక్టరు ఒక కాగితం ముందుకు తోస్తే, పేషెంటుకు ఏమవుతారు అన్నచోట తమ్ముడు అని రాసి సంతకం పెట్టాడు. లోపలికి పోయి అక్కతో చెప్పిన మాట వేరు. ఉంచితే కుళ్ళు పక్క పళ్ళకు పాకుతదంట అక్కా, తియ్యక తప్పదంటున్నడు. అక్క నోరు తెరిచే ఉంది, కళ్ళు తిప్పి తమ్ముణ్ణి చూసి తల ఊపింది. నువ్ అడిగి తెలుసుకున్నవ్ కదా, ఇంక నాకేం ఫికర్ అన్నట్టు ఊపింది. చదువు చెప్పించిన చేతికి చదువుకున్నవాడు చేసిన ఉపకారం అది.

రెండు నలభైకి పత్తి కరిచిపెట్టుకున్న అక్కను ఆటో ఎక్కించాడు. అక్క చేత్తోనే సైగ చేసింది, నువ్ పో, ఆలస్యమైతది, నేను పోతలే అని. ఇంటికి ఎట్లా చేరిందో, రక్తం ఎంత పోయిందో, మత్తు దిగాక ఎంత నొచ్చిందో నాగేందర్ చూడలేదు, ఇన్నేళ్ళలో అడగనూ లేదు. మ్యాచ్ మాత్రం ప్రతి ఓవరూ గుర్తుంది. మర్చిపోయినా కాస్త మర్యాదగా ఉండేది, మర్చిపోలేదు, ఎవడు ఏ బంతికి అవుటయ్యాడో, ఏ సిక్సరు ఏ స్టాండులో పడిందో, ఇప్పుడీ కుర్చీలో కళ్ళు మూసుకుంటే వరసగా వస్తుంది. ముందు వరసలో ఒక లావాటి మనిషి చేతిలో సమోసాతోనే బంతి పట్టబోయి, బంతీ సమోసా రెండూ వదిలేసిన తీరు కూడా. ఎనిమిదింటికి ఇంటికొచ్చి, వాకిట్లోనే మొదలుపెట్టి అంతా అక్కకు చెప్పాడు, చెప్పడం కాదు చేసి చూపించాడు, ఆ లావాటి మనిషిని, అంపైరును, దుర్గేష్ ఈలలు వేసి గొంతు పోగొట్టుకోవడాన్ని. గోడకు ఆనుకుని కూర్చున్న అక్క వాచిన మూతితో నవ్వింది. నవ్వు ఆపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది. నోట్లో పత్తి ఉంది కదా అందుకు అనుకున్నాడు. పత్తి మర్నాడే తీసేసింది, చెయ్యి మాత్రం ఇవాళ్టికీ దిగలేదు.

నొప్పి. లోపల ఎక్కడో చివర్న, మత్తు అందని మూల ఒకటి ఉన్నట్టుంది, సూది దించినట్టు చురుక్కుమని పొడిచి కణత దాకా లాగింది. చెయ్యి ఎత్తొచ్చు, ఎత్తమనే చెప్పింది. నాగేందర్ ఎత్తలేదు. ఓర్చుకుంటే అక్కకేదో ఒరుగుతుందన్నట్టు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. రెండోసారి పొడిచేసరికి కంట్లోంచి నీళ్ళు చెవిలోకి జారాయి, దీప అది చూసి పని ఆపేసింది. నొప్పి ఉంటే చెప్పమన్న కదా అంకుల్, ఓర్చుకుని కూసుంటే నాకెట్ల తెలుస్తది అని కేకలేసి, ఇంకో సూది ఇచ్చింది. అందులో గొప్పేం లేదు అని కూడా అంది, పంటి గురించే అంది. నాగేందర్‌కు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది, మొద్దుబారని చెంప మీద.

పన్ను పోయిన కొత్తలో అక్క మాటలో స అన్నచోటల్లా చిన్న ఈల వచ్చేది. అంగన్‌వాడీ పిల్లలకు పాపం పుణ్యం తెలియదు, టీచరు ఎట్లా అంటే వాళ్ళూ అట్లాగే, స అనాల్సిన చోట ఈల వేసి పాడేవాళ్ళు. ఒకరోజు సూపర్‌వైజరు వచ్చిన పూట పిల్లలంతా కలిసి అట్లాగే పాడారట, ఆమె నవ్విందట. అక్క ఇంట్లో ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ ఏడాది తిరక్కుండానే ఆ కొలువు వదిలేసి నాచారంలో మసాలా పొడుల ఫ్యాక్టరీలో ప్యాకింగుకు చేరింది. అక్కడ అందరూ నెత్తికి టోపీ, మూతికి గుడ్డ కట్టుకోవాలి. హాయిగుంది తమ్మీ అంది. కరోనా వచ్చిన ఆ రెండేళ్ళూ ఊరు ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరుగుతుంటే అక్క కూరగాయల బండి దగ్గర నిలబడి బేరమాడేది, మెట్రో మెట్ల కింద ఎవరితోనో గలగలా మాట్లాడేది, రెండు చేతులూ ఖాళీగా వదిలేసి నవ్వేది. లోకమంతా ఈ పీడ ఎప్పుడు పోతుందిరా అని ఏడుస్తుంటే, అక్కకు ఇంకొన్నాళ్ళు ఉంటే బాగుండునని ఒకసారి నాగేందర్‌కు అనిపించింది. అట్లా అనిపించినందుకు ఎవరికీ చెప్పుకోలేక సిగ్గుపడ్డాడు.

పెట్టుడు పన్ను పెట్టించాడు ఒకసారి. మౌలాలిలో ఎవరిదో పెళ్ళి విందులో అది పప్పన్నంలో ఊడిపడింది, మళ్ళీ దాని మాట ఎత్తనివ్వలేదు. ఊడకుండా కట్టించాలంటే పక్కనున్న మంచి పళ్ళు రెండూ అరగదీయాలని ఇంకో డాక్టరు చెబితే, ఒక్కటి తప్పదంటే పోయింది, ఈ రెండిటినెందుకు పాడు చేసుకోవాలె అంది. తప్పదు. ఆ మాట నాగేందర్‌దే, డాక్టరుది కాదు, ఆమె పదహారేళ్ళుగా దాన్నే పట్టుకుని ఓదార్పు పొందుతోంది. ఆ అబద్ధం ఆమె ఒక్కదానితో ఆగిపోయినా సరే అనుకోవచ్చు. బస్తీలో ఎవరికి పన్ను సలిపినా అక్క ముందుకొచ్చి చెబుతుంది, ఊకే నానపెట్టకుండ్రి, మా నాగి నన్ను టైముకు తోల్కపోయి తీపిచ్చిండు కాబట్టి పక్క పండ్లన్న మిగిలినయి అని. ఆ మాట విని పళ్ళు తీయించుకున్నవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు. వాళ్ళు బజార్లో ఎదురైతే, నవ్వితే, నాగేందర్ తల దించుకుని చెప్పులు చూసుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో పద్మశ్రీ అడిగింది, వదినె ఎందుకు గట్ల చెయ్యి అడ్డం పెట్టుకుంటదని. చిన్నప్పటి సంది అలవాటు అన్నాడు. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధం, తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా.

మూడోదీ అయిపోయింది అని దీప అంది. గులాబీ రంగు సన్నటి పుల్లలు, రబ్బరులాంటివి, వేళ్ళలోకి ఒక్కోటీ దించుతోంది, కాలిన వాసన కొంచెంగా వచ్చింది. ఇంకో పది నిమిషాలు. నాగేందర్ మనసు ఇప్పుడు లాయరు వేషం కట్టింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం, పోయిన పన్ను వస్తుందా, తప్పదులే అన్న తృప్తితో బతుకుతున్న మనిషికి ఆ తృప్తి కూడా లేకుండా చేయడం ఏం మంచితనం, నీ కడుపుబ్బరం దించుకోవడానికి ఆమెను ఏడిపిస్తావా. ఎంత సొంపుగా ఉందో ఆ వాదన, అక్క మీద ఎంత ప్రేమ ఒలకబోస్తోందో. దొంగకు వచ్చే సలహాలు ఎప్పుడూ ధర్మంగానే వినిపిస్తాయి. పోనీ చెప్పినా కొంచెం మెత్తగా చెప్పొచ్చు, ఆ రోజు సెలవు దొరకలేదనొచ్చు, డాక్టరే గట్టిగా తీయమన్నాడనొచ్చు, చచ్చిపోయినవాడు వచ్చి కాదంటాడా. మ్యాచ్ అని చెప్పడమెట్లా. ఏదన్నా పెద్ద కారణమై ఉంటే, అప్పో, జబ్బో, కష్టమో అయి ఉంటే, చెప్పుకోవడానికి ఒక మొహం ఉండేది. ఒక ఆటకు, ఒక పాసుకు, దుర్గేష్ పక్కన నాలుగు గంటలు కూర్చోవడానికి అక్క నోటిని అమ్మేసుకున్నాడు, అదీ ఊరికే. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు, అక్కకు దొరికిన రాయి మాత్రం ఇంట్లోనే పెరిగింది, ఆమె వండిన అన్నమే తిని.

అయింది అంకుల్, పుక్కిలించండి. రబ్బరు గుడ్డ తీసేశారు, గొట్టం తీసేశారు, కుర్చీ లేపారు. పుక్కిలిస్తే నీళ్ళు సగం పెదవి పక్కనుంచి చొక్కా మీదికి కారిపోయాయి. తాత్కాలికంగా మూసిందట, వచ్చే వారం క్యాపు కోసం రావాలట, రెండు గంటలు ఆ పక్క నమలొద్దట, చెంప లోపల కొరుక్కుంటారు జాగ్రత్త అంది. సరే అన్నాడు, అది సరే లాగా వినబడలేదు. తలుపు తీశాడు.

అక్క లేచి ఎదురొచ్చింది. నొచ్చిందా అని మొహం చూసింది, చొక్కా మీద నీళ్ళను కొంగుతో తుడవబోయింది. నాగేందర్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు, ఆపి, ఆమెను కూర్చోబెట్టి పక్క కుర్చీలో తనూ కూర్చున్నాడు. బల్ల అవతల చీటీలు రాసే నీలవేణి తప్ప ఇంకెవరూ లేరు. నాలుక మందంగా తిరిగింది, మాటలు తడిసి ముద్దై వచ్చాయి, అయినా వచ్చాయి.

“అక్కా, గా రోజు డాక్టరు నీ పన్ను ఉంటదన్నడు. మూడుసార్లు రావాలన్నడు. నేనే తీసెయ్యమన్న.”

అక్క తప్పు విన్నానేమో అన్నట్టు కళ్ళు చిట్లించి ముందుకు వంగింది. ఫ్యాను తిరుగుతోంది, కింద దుకాణంలో ఎవరో బిందెలు దించుతున్నారు. ఆమెకు అనుమానం లేదని నాగేందర్‌కు అప్పుడు తెలిసింది, వారమంతా ఆమె ఊఁ అన్నది నిజంగా ఊఁ అనే, తమ్ముణ్ణి అనుమానించడం అన్న ఆలోచనే ఆమెకు రాలేదు. అది తెలిశాక ఇంకా చిన్నవాడైపోయాడు.

“ఎందుకు?”

సెలవు అన్న మాట నాలుక కొస దాకా వచ్చింది. మింగేశాడు.

“మ్యాచ్ ఉండె.”

అక్క అతని మొహంలోకి చూసింది, చాలాసేపు, ఎవరో కొత్తమనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, పోనీలేరా అంటుందేమోనన్న పాడు ఆశ కూడా ఓ మూల ఉంది, అది ఉన్నట్టు అప్పుడే తెలిసింది.

“గా దినం ఇంటికొచ్చి గా ఆటంత జేసి సూపిచ్చినవ్” అంది నెమ్మదిగా. “నన్ను మస్తు నవ్విచ్చినవ్ గద నాగీ.”

అడిగినట్టు లేదు ఆ మాట, తిట్టినట్టూ లేదు. మొద్దుబారిన పెదవి వణుకుతోందో లేదో అతనికే తెలియడం లేదు. అక్క లేచి, హెల్మెట్టు, ఫోను తన కుర్చీలో పెట్టింది. ఇంటికి బయల్దేరుతోందనుకుని అతనూ లేవబోయాడు. ఆమె మెట్ల వైపు పోలేదు, బల్ల దగ్గరికి పోయి, డాక్టరమ్మ ఉందా, నా పన్ను ఒకటి సూపిచ్చుకోవాలె అంది. లేదు కదా ఆంటీ ఆ పన్ను అని నీలవేణి అనలేదు, పోయినచోట ఇప్పుడు ఏం పెట్టొచ్చో మేడమ్ చెప్తది, కూసోండి అని కొత్త చీటీ తీసి పేరు రాసుకుంది, వయసు రాసుకుంది. రాస్తూ రాస్తూ నాగేందర్ వైపు ఒకసారి చూసి అడిగింది.

“వెంట వచ్చినోళ్ళ కాడ తమ్ముడు అని రాయాల్నా ఆంటీ?”

నాగేందర్ సగం లేచే ఉన్నాడు. అక్క వెనక్కి తిరగలేదు.

“వద్దు బిడ్డా” అంది. “నా వెంట ఎవ్వరు రాలె.”

చీటీ చేతిలోకి తీసుకుని లోపలికి పోయి, తలుపు తనే దగ్గరికి వేసుకుంది.